బిడ్డకు నెత్తురు ఆగకపోతే తల్లి నేరమా?

మన రాష్ట్రంలో కాన్పులు దాదాపు అన్నీ ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయని ప్రభుత్వాలు గర్వంగా చెప్పుకుంటాయి. అబద్ధమేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 కాన్పులు ఆస్పత్రుల్లో జరిగాయి. నూటికి 42 మందికి కడుపు కోసి బిడ్డను తీశారు. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే నూటికి 63 మందికి కోశారు. ఆడవాళ్ల కడుపులు కొయ్యడానికి ఇన్ని థియేటర్లు, ఇంతమంది డాక్టర్లు, ఇంత డబ్బు దొరికిన రాష్ట్రంలో, పుట్టిన బిడ్డ తొడకు ఒక చిన్న సూది వేశారో లేదో తల్లికి చెప్పే నాథుడు లేడు. ఈ వ్యాసం ఆ సూది గురించి. అది పడనప్పుడు నింద ఎవరి నెత్తిన పడుతుందో దాని గురించి కూడా.

ఆ సూది మందు పేరు విటమిన్ కె. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని పదార్థాలు కాలేయంలో సరిగా తయారు కావాలంటే ఈ విటమిన్ ఉండాలి. డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్ 1929లో, కొవ్వు లేని మేత తిన్న కోడిపిల్లలకు ఒంట్లో నెత్తురు కారడం గమనించాడు. మేతలో ఏది లోపించడం వల్ల అలా అవుతోందో పట్టుకుని, 1935లో దానికి 'కె' అని పేరు పెట్టాడు. ఆయన భాషలో గడ్డకట్టడం అనే మాటకు అది మొదటి అక్షరం. 1943 నోబెల్ బహుమతి ఆయనకూ, అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డాయిజీకీ ఇందుకే వచ్చింది. ఇక మనుషుల పిల్లల సంగతి. ఈ విటమిన్ తల్లి నుంచి మాయ దాటి బిడ్డకు చేరేది చాలా తక్కువ. దీన్ని తయారుచేసే సూక్ష్మజీవులు పసిబిడ్డ పేగుల్లోకి అప్పటికింకా చేరవు. తల్లిపాలలో ఉండేది లీటరుకు ఒకటి నుంచి నాలుగు మైక్రోగ్రాములు. కనుక కలవారి బిడ్డయినా లేనివారి బిడ్డయినా, తల్లి బలంగా ఉన్నా నీరసంగా ఉన్నా, ఈ లోటుతోనే పుడుతుంది. ఈ మాట మొదటే గట్టిగా చెప్పుకోవాలి. ఎందుకంటే మిగతా గొడవంతా దీన్ని మరిచిపోవడం వల్లనే వస్తోంది.

ఈ లోటు వల్ల నెత్తురు కారడం మూడు వేళల్లో జరుగుతుంది. ఒకటి, పుట్టిన 24 గంటల్లో. తల్లి కొన్ని రకాల మందులు వాడుతున్నప్పుడు వచ్చేది ఇది, దీని సంగతి తర్వాత చెబుతాను. రెండోది, వారం లోపు: బొడ్డు నుంచి, ముక్కు నుంచి, లేదా నల్లటి విరేచనంగా. మూడోది రెండు వారాలు దాటాక ఆరు నెలల లోపు ఎప్పుడైనా వస్తుంది, ఎక్కువగా మూడో వారానికీ ఎనిమిదో వారానికీ మధ్య. అన్నిటికంటే క్రూరమైనది ఇదే. అప్పటిదాకా బిడ్డ నిక్షేపంగా ఉంటుంది. పాలు తాగుతుంది, ఒళ్లు చేస్తుంది. ఇలా ఆలస్యంగా నెత్తురు కారే పిల్లల్లో సుమారు సగం మందికి అది పుర్రె లోపల కారుతుంది. బతికి బయటపడ్డ వాళ్లలో కొందరికి ఫిట్స్, కాలో చెయ్యో చచ్చుబడటం, ఎదుగుదల ఆగిపోవడం జీవితాంతం మిగులుతాయి. అంతకు ముందు ఒంటి మీద ఎక్కడో నీలి మచ్చ, బొడ్డు దగ్గర ఆగని చెమ్మ, ముక్కులో నెత్తుటి చుక్క లాంటి చిన్న హెచ్చరికలు కొందరిలో కనిపిస్తాయి. వాటిని గుర్తుపట్టమని మనకెవరూ చెప్పరు.

ఇది అరుదైన జబ్బు కదా అంటారు కొందరు. నిజమే. సూది వెయ్యని పిల్లల్లో ఆలస్యంగా వచ్చే రక్తస్రావం ఐరోపా లెక్కల్లో లక్షకు నాలుగు నుంచి ఏడు, మొదటి వారంలో వచ్చేది అంతకంటే చాలా ఎక్కువ. కానీ కొద్ది రూపాయల మందుతో, ఒకే ఒక్క సూదితో తప్పించగలిగిన చావును అరుదైనది కనుక వదిలెయ్యవచ్చు అనే లెక్క ఎవరి బిడ్డ మీద వేస్తున్నారు? సూది పడని బిడ్డకు ఈ ఆలస్యపు రక్తస్రావం వచ్చే అవకాశం పడిన బిడ్డ కంటే 81 రెట్లు ఎక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. ఆ దేశపు పిల్లల డాక్టర్ల అకాడెమీ, పుట్టిన ప్రతి బిడ్డకూ ఇది ఇవ్వమని 1961లోనే చెప్పింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ ఈ సూది మీద మార్గదర్శకాలు వెలువరించింది 2014లో. మధ్య 53 ఏళ్లు. పెద్ద ఆస్పత్రుల్లో కొన్ని అంతకు ముందు నుంచే వేస్తున్నాయి, కాదనను. కానీ ఊరి పేదరాలి బిడ్డకు అది హక్కుగా కాగితం మీదికి రావడానికి అంత కాలం పట్టింది.

ఇప్పుడా మూడో వారాన్నీ ఎనిమిదో వారాన్నీ తీసుకొచ్చి మన ఇళ్లలో పెట్టి చూడండి. అది బాలింత కాలం. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఊళ్లలో తొలి కాన్పు పుట్టింటి బాధ్యత. కాన్పు ఖర్చు వాళ్లది, బారసాల వాళ్లది. మంచి రోజు చూసి మూడో నెలలోనో అయిదో నెలలోనో తల్లినీ బిడ్డనూ అత్తవారింటికి పంపేదాకా కాపలా వాళ్లది. అంటే బిడ్డ మెదడులో నెత్తురు కారే ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజులన్నీ ఆమె పుట్టింట్లో ఉండే రోజులే. బిడ్డ ఉన్నట్టుండి పాలు వదిలేస్తుంది, పాలిపోతుంది, కళ్లు తేలేస్తుంది. ముందు దిష్టి తీస్తారు. పక్షిదోషం అంటారు, తాయెత్తు కట్టిస్తారు. తర్వాత ఆర్.ఎం.పి. దగ్గరికి, అక్కడినుంచి తెనాలికి, తెనాలి నుంచి గుంటూరుకు. బిడ్డ దక్కకపోతే అత్తవారి వైపు నుంచి వచ్చే మొదటి మాట "మీ ఇంట్లో ఉండగానే కదా!" పుట్టింటివాళ్లు కూతురి వైపు తిరిగి అనే మొదటి మాట "ఏం తిన్నావే నువ్వు?" రెండు కుటుంబాల లావాదేవీలో చచ్చిపోయిన బిడ్డ కూడా ఒక ఖాతా అవుతుంది, బాకీ మాత్రం కన్నతల్లి పేరున రాస్తారు.

పథ్యం గురించి కొంత చెప్పక తప్పదు. రేపల్లె దగ్గర ఒక ఇంట్లో ఒక పెద్దావిడ నాతో అన్నారు: "పథ్యం చెయ్యమంటే వింటేనా అమ్మా! బాలింత తోటకూర తింటుందా ఎక్కడైనా? తినేసింది, బిడ్డకి నెత్తుటి విరేచనాలు పట్టుకున్నాయి." ఆ కోడలికే ఇంకొక రోజు ఆరోగ్య కార్యకర్త ఒకామె చేసిన బోధ వేరు: "ఆకుకూరలు సరిగా తినలేదు కదమ్మా, అందుకే బిడ్డకి ఆ విటమిన్ లోపం వచ్చింది." తింటే ఒక నేరం, తినకపోతే ఇంకొక నేరం. ఒకరు సంప్రదాయం పేరుతో, ఒకరు సైన్సు పేరుతో ఆ పిల్లను బోనెక్కించారు. నన్నడిగితే రెండోదే ఎక్కువ ప్రమాదం, అది చదువుకున్న గొంతుతో మాట్లాడుతుంది కనుక. నిజమేమిటంటే, తల్లి మామూలుగా తినే ఆకుకూరలతో ఆమె పాలలోని విటమిన్ కె బిడ్డను కాపాడేంతగా పెరగదు. గోంగూర, మునగాకు, తోటకూర ఆమె తినాలి, ఆమె ఒంటికి మంచిది కనుక ఆమె కోసం తినాలి. బాలింతకు వెల్లుల్లి కారం అన్నంతో సరిపెట్టే ఇళ్ల మీద పోట్లాట వేరే ఉంది, అది చేద్దాం. కానీ బిడ్డ రక్తస్రావానికి మందు ఆమె కంచంలో లేదు. అది ఆస్పత్రి అలమరాలో ఉంది.

ఇక్కడే ఇంకొక పాము పడగెత్తుతుంది. తల్లిపాలలో విటమిన్ కె తక్కువ, డబ్బా పాలలో ఎక్కువ అనే వాక్యం విడిగా చూస్తే నిజమే. డబ్బాల్లో దాన్ని కలుపుతారు. కానీ ఆ వాక్యం ఎవరి నోట్లోంచి వస్తోందో చూసుకోవాలి. "నీ పాలు చాలడం లేదు" అని ఆడదాన్ని భయపెట్టి డబ్బాలు అమ్మిన చరిత్ర ఉన్నందుకే 1992లో శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం తెచ్చి ఆ ప్రకటనలను నిషేధించవలసి వచ్చింది. తల్లిపాలకు వంక పెట్టనక్కర్లేదు. ప్రతి బిడ్డకూ పుట్టిన రోజునే సూది వేస్తే ఈ వాదానికి చోటే ఉండదు. సూది కోసం బిడ్డను తల్లి దగ్గరనుంచి లాక్కుపోవలసిన పని కూడా లేదు. మొదటి గంట బిడ్డను తల్లి ఒంటికి ఆనించి, పాలు పట్టించి, ఆ తర్వాతే వెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇక తర్వాత చెబుతానన్న ఆ మొదటి 24 గంటలు. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్, కార్బమజెపిన్, క్షయకు వాడే రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ లాంటి మందుల మీద ఉన్న తల్లుల బిడ్డలకు ఈ తొలి రక్తస్రావం రావచ్చు. పుట్టాక వేసే సూది ఒక్కటే దీనికి చాలకపోవచ్చు. ఆమె ఏం మందులు వాడుతోందో కాన్పుకు ముందే డాక్టరుకు తెలియాలి. మరి ఆమె చెబుతుందా? 1976 సవరణతో హిందూ వివాహ చట్టం మతిస్థిమితం లేకపోవడంతో పాటు మూర్ఛను కూడా పెళ్లికి అడ్డంకుల జాబితాలో చేర్చింది. ఆ మాటను తీసెయ్యడానికి 1999 దాకా ఆగవలసి వచ్చింది. చట్టంలోంచి పోయింది గానీ పెళ్లిచూపుల్లోంచి పోలేదు. ఫిట్స్ మాత్రలను బియ్యం డబ్బాలోనో చీరల మడతల్లోనో దాచుకుని మింగే కోడళ్లు మన ఊళ్లలో ఉన్నారు. క్షయ మందులు దాచేవాళ్లూ ఉన్నారు. పరీక్షకు వెళ్లినప్పుడు పక్కన అత్తగారు కూర్చుని ఉంటే, "ఇంకేమైనా మందులు వాడుతున్నావా అమ్మా?" అన్న ప్రశ్నకు ఆమె ఇచ్చే జవాబు ఒక్కటే: "లేదండీ." ఆ అబద్ధం ఆమెది కాదు. ఆమెను ఆ గదిలో అయిదు నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టి అడగని ఆస్పత్రిది, నిజం చెబితే కాపురం ఉండదన్న ఇంటిది. ఈ వ్యాసం చదివే వాళ్లలో అలాంటి మందులు వాడే గర్భిణులుంటే ఒక్క మాట: వాటిని సొంతంగా ఆపకండి, అది ఇంకా ప్రమాదం. డాక్టరుకో ఏ.ఎన్.ఎం.కో విడిగా చెప్పండి.

రికార్డుల సంగతికి వస్తాను. కేంద్రం నెలనెలా తెప్పించుకునే ఆరోగ్య సమాచార ఫారంలో పుట్టినప్పుడు ఇచ్చే విటమిన్ కె1కు ఒక గడి ఉంది. కనుక లెక్కే లేదని అనలేం. కానీ ఆ లెక్క ఎవరి దగ్గర ఉంది? ఆస్పత్రి రిజిస్టరులో, కంప్యూటరులో. కన్న తల్లి చేతిలో లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, రేపల్లె, బాపట్ల కొత్త బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. రేపల్లె పిల్ల రైలెక్కి తెనాలి వచ్చి కంటే కాన్పు ఒక జిల్లాలో, పుట్టిల్లు ఇంకొక జిల్లాలో, ఆమె పేరు నమోదైన అత్తవారి ఊరు మూడో చోట. కాన్పయ్యాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి బిడ్డను చూడాలని పథకం. సరిగ్గా నీలి మచ్చలు, బొడ్డు చెమ్మ కనిపెట్టగల రోజులవి. ఏ ఊరి ఆశా రావాలి? పేరున్న ఊరి ఆశాకు బిడ్డ కనిపించదు. బిడ్డ ఉన్న ఊరి ఆశా జాబితాలో పేరుండదు. ఆడపిల్ల కాన్పుకు పుట్టింటికి వెళ్తుందన్న సంగతి ఈ దేశంలో పథకాలు రాసేవాళ్లకు తెలియదా? వాళ్ల భార్యలూ కూతుళ్లూ వెళ్లలేదా?

బాపట్ల వైపు నేను చూసిన ఒక డిశ్చార్జి కాగితంలో తల్లి ఆపరేషనుకు వాడిన ప్రతి మందూ బిల్లు కోసం విడివిడిగా ఉంది. బిడ్డ గురించి రెండే మాటలు: ఆడ, బరువు. సూది వేశారా అంటే ఆమెకు తెలియదు. "ఏదో ఒక సూది వేశారండీ, బి.సి.జి. అనుకుంటా" అంది. ఆ నర్సింగ్ హోం వాళ్లు వేసే ఉండవచ్చు. కానీ వేసిందీ వెయ్యనిదీ తేలనప్పుడు, రేపు బిడ్డకు ఏమైనా అయితే జవాబు చెప్పవలసింది ఎవరు? ఇంకొక చిన్న విషయం, చిన్నదని వదలలేనిది. కాన్పయ్యాక తల్లికి నెత్తురు ఆగడానికి వేసే మెథర్జిన్‌ను పొరపాటున విటమిన్ కె అనుకుని బిడ్డకు వేసిన ఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. రెండు ఆంపుల్సూ ఒకే ట్రేలో ఉంటే, రాత్రి డ్యూటీలో ఒకే నర్సు నాలుగు కాన్పులు చూస్తుంటే అది జరుగుతుంది. తప్పు ఆ నర్సు మీదికి నెట్టి చేతులు దులుపుకోవడం తేలిక. రెండో నర్సును వెయ్యడానికి డబ్బు కావాలి.

2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ఎలుకలు కొరికిన పసికందు చనిపోయినప్పుడు రాష్ట్రమంతా అట్టుడికింది. అట్టుడకవలసిందే. ఎలుక కనిపిస్తుంది, కాటు కనిపిస్తుంది. పుర్రె లోపల కారిన నెత్తురు కనిపించదు. స్కానింగు తీయకపోతే, రక్తం గడ్డకట్టే సమయం చూసే పి.టి. పరీక్ష చెయ్యకపోతే అది "ఫిట్స్"గానో, "ఇన్‌ఫెక్షన్"గానో, మన ఇళ్లలో "ఆ బిడ్డకు ఆయుష్షు అంతే"గానో ముగిసిపోతుంది. పేరు లేని చావుకు విచారణ కమిటీ ఉండదు.

ఒక ప్రశ్న మన వైపు నుంచే వస్తుందని తెలుసు. ఆడవాళ్ల ఒంటి మీద సూదులకు వ్యతిరేకంగా పోరాడినవాళ్లం ఇప్పుడు సూది వెయ్యమని అడుగుతున్నామేమిటి? 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక సూదిని, అది ప్రయోగమని చెప్పకుండా పేద స్త్రీలకు ఇవ్వబోతే అడ్డుకున్నది హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన. తర్వాతి ఏడాది సహేలీ, చింగారీ సంస్థలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2009లో ఖమ్మం జిల్లా గిరిజన హాస్టళ్ల పిల్లలకు హెచ్.పి.వి. టీకా వేసినప్పుడు తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమం ఆగింది, 2013లో పార్లమెంటరీ సంఘం దాన్ని తప్పుపట్టింది. ఈ రెండు చోట్లా మనం పోట్లాడింది సూది మొన మీద కాదు. ఏం వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో చెప్పకపోవడం మీద. ఇప్పుడు అడుగుతున్నదీ అదే. విటమిన్ కె సూది వల్ల పిల్లలకు క్యాన్సర్ వస్తుందేమోనని 1992లో బ్రిటన్ నుంచి ఒక పరిశోధన భయపెట్టింది. మరుసటి ఏడాదే స్వీడన్‌లో పది లక్షలకు పైగా పిల్లల మీద, ఆ తర్వాత ఇంకా చాలా చోట్ల చూస్తే ఆ సంబంధం నిలబడలేదు. అనుమానపడటం మన హక్కు. జవాబు వచ్చాక వినడం కూడా మన పనే.

చెప్పకపోవడం ఎంత దూరం పోతుందో జపాన్‌లో చూశాం. అక్కడ విటమిన్ కె2ను సిరప్‌గా ఇస్తారు. యమగుచిలో ఒక మంత్రసాని, తల్లికి చెప్పకుండా, ఆ సిరప్‌కు బదులు హోమియో మాత్రలు ఇచ్చింది. 2009లో ఆ ఆడపిల్ల పుర్రె లోపలి రక్తస్రావంతో చనిపోయింది. తల్లి 2010లో కోర్టుకు వెళ్లింది. ఆ ఏడాదే జపాన్ సైన్స్ కౌన్సిల్ హోమియోపతికి వ్యతిరేకంగా ప్రకటన చేసింది. అమెరికాలోని నాష్‌విల్‌లో 2013లో నలుగురు పసివాళ్లకు ఇదే ఆలస్యపు రక్తస్రావం వచ్చింది. అక్కడ తల్లిదండ్రులే సూది వద్దన్నారు. వద్దనే అవకాశమైనా వాళ్లకుంది. మన తల్లులకు వద్దనే ప్రశ్న లేదు, కావాలనే ప్రశ్నా లేదు, వేశారో లేదో అడిగే మాటే తెలియదు.

చట్టంలో ఆధారం లేకపోలేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పూ, పసిబిడ్డకు కావలసిన మందులూ ఉచితం. 2014 మార్గదర్శకాలు మోతాదు కూడా చెప్పాయి: వెయ్యి గ్రాములు, అంతకు పైన బరువున్న బిడ్డకు ఒక మిల్లీగ్రాము, అంతకు తక్కువైతే అర మిల్లీగ్రాము, తొడ కండకు. అయితే ఆ మార్గదర్శకాల పేరులోనే "ఆస్పత్రుల్లో" అని ఉంది. కొల్లూరు వైపు కృష్ణ లంకల్లో వరద రోజున ఇంట్లోనే కన్న బిడ్డకూ, 108 బండిలో కన్న బిడ్డకూ ఎవరు, ఎప్పుడు వేస్తారో విడిగా రాసి ఉత్తర్వు ఇవ్వాలి.

కాన్పుకు వెళ్లే ప్రతి ఆడపిల్ల వెంట ఉండేవాళ్లు ఒక్క ప్రశ్న అడగాలి: "బిడ్డకు విటమిన్ కె వేశారా అండీ? వేస్తే ఇందులో రాయండి." తల్లీబిడ్డల కార్డులో దానికి గడి ఉంటే నింపించండి. లేకపోతే అంచున తేదీ, వేళ, మోతాదు రాయించి సంతకం పెట్టించండి. ఇంటికొచ్చాక గుర్తొచ్చినా, సూది పడలేదని తెలిసినా ఆలస్యమైందని ఊరుకోవద్దు, పిల్లల డాక్టరు తర్వాత కూడా వెయ్యగలరు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రభుత్వాసుపత్రుల అభివృద్ధి సొసైటీల సమావేశాల్లో మన సంఘాల వాళ్లు మూడు విషయాలు పెట్టించాలి. కిందటి మూడు నెలల్లో పుట్టిన పిల్లలెందరు, విటమిన్ కె పడింది ఎందరికి, మందు అయిపోయిన రోజులు ఎన్ని. అదే లెక్కను ప్రైవేటు నర్సింగ్ హోముల నుంచి జిల్లా వైద్యాధికారి తెప్పించుకుంటున్నారో లేదో సమాచార హక్కు కింద రెండు జిల్లాల్లోనూ దరఖాస్తులు పెట్టాలి. వచ్చిన జవాబులను, రాకపోతే రాలేదన్న సంగతిని, ఈ పత్రికకు పంపండి.